పెద్దమ్మ పెంచిన పురుగులు

మా పెద్దమ్మ పురుగుల్ని పెంచుతుందని ఒకప్పుడు ఎవరైనా అని ఉంటే, వాళ్ళకి జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాళ్ళం. ఆవిడ నిప్పులు కడిగే మనిషి. ఇంటికి వచ్చినవాళ్ళు కుర్చీలోంచి లేచీ లేవగానే ఆ కుర్చీ చేతులు తుడిచేసేది. వాళ్ళు గుమ్మం దాటేదాకా కూడా ఆగేది కాదు. తలుపు గడియలు, స్విచ్చులు, టీవీ రిమోటు, నా కళ్ళజోడు, ఏదీ ఆవిడ చేతిలో గుడ్డని తప్పించుకోలేదు. నేను బళ్ళో చదివే రోజుల్లో ఒకసారి మమ్మల్ని చూడ్డానికి వచ్చి, నా రంగు పెన్సిళ్ళు నోట్లో పెట్టుకుంటున్నానని అన్నిటినీ తీసుకెళ్ళి ఉడకబెట్టింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. ఒక పెద్దాసుపత్రి కింది అంతస్తులో, కిటికీలు లేని పొడుగాటి గదిలో ఉద్యోగమంతా చేసింది. పైన ఆపరేషన్లకి వాడిన కత్తులు, కత్తెరలు, పట్టకార్లు ఆ గదికే వచ్చేవి. వాటిని కడిగి, ఆరబెట్టి, ఆకుపచ్చ గుడ్డల్లో మూటలు కట్టి, స్టీలు యంత్రాల్లో ఆవిరి పట్టించి పైకి పంపడం ఆవిడ పని. మూట మీద ఒక టేపు అంటిస్తారు. ఆవిరి సరిగ్గా తగిలితే దాని మీద నల్లగీతలు తేలతాయి. గీత రవ్వంత పాలిపోయినట్టు కనిపించినా పెద్దమ్మ మూట మొత్తం విప్పి మళ్ళీ మొదటికొచ్చేది. పెద్ద డాక్టరుగారు తొందరపడుతున్నారని నర్సు వచ్చి నిలబడితే, "అంత తొందరైతే ఆయన్నే వచ్చి ఉడకబెట్టుకోమను" అనేదట.

ఆ పంతానికి కారణం ఉంది. ఆవిడ కొత్తగా చేరిన రోజుల్లో వేరే షిఫ్టులో ఎవరో యంత్రం సరిగా వేడెక్కకుండానే ఆపేసి మూటలు పైకి పంపేశారు. ఒక బాలింతకి కుట్లు చీముపట్టాయి. ఆమె బతికింది కానీ చాలా బాధపడిందని కిందికి కబురొచ్చింది. తప్పు పెద్దమ్మది కాదు. అయినా ఆ రోజు నుంచి కంటికి కనపడని ప్రాణి ఏదైనా సరే ఆవిడకి శత్రువే అయిపోయింది.

రిటైరయ్యాక మా ఇంటికి వచ్చేసింది. వస్తూ వస్తూ ఆసుపత్రివాళ్ళు మూలన పడేసిన చిన్న ఆవిరి యంత్రాన్ని ఒకదాన్ని అడిగి తెచ్చుకుంది. అమ్మ దాన్నీ అక్కనీ మార్చి మార్చి చూసి, "రిటైరైనవాళ్ళు గోడ గడియారం తెచ్చుకుంటారే" అంది.

మా నాన్నకి నర్సరీ ఉంది. వీధి చివర ఆకుపచ్చ వల కప్పిన పందిరి, దాని కింద వరసలు వరసలుగా నల్ల సంచుల్లో మొక్కలు, ఎప్పుడూ కారుతూ ఉండే ఒక కుళాయి. అమ్మకాలు నేను చూసుకుంటాను. ఆఫీసు గది వెనకాల ఒక దానిమ్మ చెట్టు ఉండేది. మా తాతయ్య గింజ వేసి పెంచిన చెట్టు. కాయ చూడటానికి ఏమంత బాగుండదు, పాలిపోయిన తోలుతో రోగిష్ఠి దానిలా ఉంటుంది. గింజ మాత్రం ఎంత మెత్తనంటే, నములుతుంటే లోపల విత్తనం ఉన్న సంగతే తెలియదు. అలాంటి చెట్టు మరెక్కడా లేదని నాన్న నమ్మకం. కొమ్మలు కోసి నాటి పిల్లమొక్కలు చేయాలని చాలాసార్లు ప్రయత్నించాడు. ప్రతిసారీ మొదలు దగ్గర నల్లకుళ్ళు పట్టి చచ్చేవి. చెట్టు ఉంది కదా, మళ్ళీ చూద్దాంలే అనుకునేవాడు.

ఒక గాలివానకి ఆ చెట్టు నిలువునా చీలి, వేళ్ళతో సహా ఒరిగిపోయింది. నాన్న ఆ బురదలో నిలబడి, దెబ్బ తగలని కొమ్మలు ఏరి, పెన్సిలంత లావు ముక్కలుగా కోసి, తడిగోనెలో చుట్టి తీసుకొచ్చి పెద్దమ్మ ముందు పెట్టాడు.

"వదినా, మా నాన్న చెట్టుకి మిగిలింది ఇంతే. ఈసారి కుళ్ళు పట్టకూడదు. మీ చేతుల్లో పెడుతున్నాను."

"నా గదిలోకి కుళ్ళు రాదు మరిదిగారూ. రావాలంటే నన్ను దాటుకుని రావాలి" అంది పెద్దమ్మ.

ఇంక చూడాలి ఆవిడ హడావుడి. నర్సరీలో విత్తనాల గదిని ఖాళీ చేయించి గోడలు కడిగించింది. ఇసుక, మాగిన ఎరువు, మట్టి కలిపి, చిన్న చిన్న మూటలు కట్టి, ఒక్కో మూటకీ రెండేసి సార్లు ఆవిరి పట్టింది. మూటల మీద టేపు అంటించి నల్లగీతలు తేలాయో లేదో చూసుకుంది. కుండీలు ఉడకబెట్టింది, నీళ్ళు కాచి చల్లార్చింది. చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ. మా పనివాళ్ళు కిటికీలోంచి చూసి, "ఆవిరమ్మగారు మొక్కలకి ఆపరేషన్ చేస్తున్నారు" అని నవ్వుకున్నారు. ఆ పేరు అప్పటినుంచే స్థిరపడిపోయింది.

కుళ్ళు రాలేదు. ఒక్క ముక్కకి కూడా రాలేదు. అన్నిటికీ వేళ్ళు పుట్టాయి, చిన్న చిన్న ఆకులు విచ్చాయి. నాన్న ఇంట్లో ఈల వేసుకుంటూ తిరిగాడు. ఆయన ఈల వేస్తాడని మాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత మొక్కలు అక్కడే ఆగిపోయాయి. ఎండ ఉంది, నీళ్ళున్నాయి, మాగిన ఎరువు ఉంది, జబ్బు లేదు. అయినా ఉలుకూ పలుకూ లేదు. ఆకులు ముందు లేతగా పాలిపోయాయి, తర్వాత పసుపు రంగుకి తిరిగాయి, ఆ తర్వాత కింది నుంచి ఒక్కొక్కటే రాలడం మొదలుపెట్టాయి. నాన్న ఈల మానేశాడు. పెద్దమ్మతో చెప్పకుండా ఒక కుండీలో చిటికెడు యూరియా కలిపాడు. ఆ లేత వేళ్ళు తట్టుకోలేకపోయాయి. ఆకుల అంచులు కాలినట్టు మాడి ఆ మొక్క చచ్చిపోయింది. పోనీ బయటి మట్టిలోకి మారుద్దామంటే, కుళ్ళు ఉన్నది ఆ మట్టిలోనే. కోసుకోవడానికి వెనకాల చెట్టు లేదు. ఈ మొక్కలు పోతే తాతయ్య దానిమ్మ ఇక భూమ్మీద ఉండదు.

నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే పెద్దమ్మకి ఎక్కువ గుచ్చుకుంది. కంచం ముందు కూర్చుని, కెలికి, లేచిపోయేది.

మా వీధి మలుపులో మట్టి పరీక్షల కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి మా దగ్గర కుండీలు కొంటుంది. మేం ఆమెని మట్టి డాక్టరమ్మ అంటాం. పెద్దమ్మ ఒక కుండీలోని మట్టిని మూట కట్టుకుని, నన్ను వెంటేసుకుని ఆమె దగ్గరికి వెళ్ళింది. తన మట్టిలో దోషం లేదని రుజువు చేసుకోవడానికే వెళ్ళిందని నాకు తెలుసు. నడకలోనే తెలిసిపోతుంది.

ఆ అమ్మాయి చిటికెడు మట్టిని నీళ్ళలో కలిపి, గాజుపలక మీద చుక్క వేసి, మైక్రోస్కోపులో చూసింది. ఇంకో చుక్క వేసి చూసింది. మరొకటి వేసి చూసింది.

"ఆంటీ, ఇందులో బాక్టీరియా కిటకిటలాడుతోంది" అంది.

పెద్దమ్మకి తల కొట్టేసినంత పనైంది. "రెండుసార్లు ఆవిరి పట్టానమ్మా."

"పట్టిన రోజున ఏమీ ఉండదు. తర్వాత గాల్లోంచి వస్తాయి, మీరు నాటిన కొమ్మ బెరడు మీంచి వస్తాయి. ఎంత కాపలా కాసినా వస్తాయి. అది తప్పు కాదు. వాటిని తినేవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. చిక్కంతా అక్కడుంది."

ఆమె చెప్పినదాంట్లో నాకు ఎక్కినంత చెప్తాను. మొక్కకి కావలసిన నత్రజని ఎరువులో ఉంటుంది. దాని మీద ముందు చెయ్యి వేసేది బాక్టీరియా, బూజు. తిన్నదాన్ని ఒంట్లోనే దాచుకుని కూర్చుంటాయి. మామూలు మట్టిలో వీటిని మేసే జీవాలు ఉంటాయి. కంటికి ఆనని ఏకకణ జీవులు, దారప్పోగు తునకల్లాంటి నులిపురుగులు, ముట్టుకుంటే ఎగిరి గంతేసే తెల్లటి సూదిమొనంత పురుగులు. ఇవి బాక్టీరియానీ బూజునీ మేసి, తమకి అవసరం లేని నత్రజనిని బయటికి వదిలేస్తాయి. అది వేళ్ళకి అందుతుంది. మేసినచోట బూజు మళ్ళీ కొత్తగా పెరుగుతుంది, మేకలు మేసి వెళ్ళిన పచ్చిక చిగుళ్ళు వేసినట్టు. మేసేవాళ్ళు లేని మట్టిలో అంతా తిని కదలకుండా కూర్చున్నవాళ్ళే ఉంటారు. వాళ్ళ మధ్య మొక్క పస్తుంటుంది.

"వదిలేస్తాయంటే?" అంది పెద్దమ్మ.

"విసర్జిస్తాయి ఆంటీ."

"అంటే నా మొక్కలు పురుగుల ఉచ్చ కోసం మొహం వాచి ఉన్నాయంటావు."

"కాస్త అటూ ఇటూగా అంతే" అంది మట్టి డాక్టరమ్మ. నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడింది పాపం. నేను కష్టపడలేదు.

ఒక ఆసుపత్రి మనిషి మాత్రమే చేయగలిగిన తప్పు అది. చెడ్డవాళ్ళతోపాటు మంచివాళ్ళనీ చంపి, గీతలు నల్లగా తేలాయని సంతోషించడం.  పెద్దమ్మ మా గేటు దగ్గర ఆగి, "రోగి మంచంలో పురుగులు తెచ్చి పొయ్యమంటోంది" అంది. ఇంట్లోకి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది.

నాన్నకి విషయం చెబితే ఆయన ఆవిడ కంటే ఎక్కువ బెదిరాడు. "నులిపురుగులా? దానిమ్మ వేళ్ళని బుడిపెలు కట్టించి చంపేది అవే కదా వదినా."

ఇక్కడే మా పెద్దమ్మ గొప్పతనం నాకు తెలిసొచ్చింది. ఉద్యోగమంతా ఒక నమ్మకం మీద నిలబడిన మనిషి, ఆ వయసులో, దాన్ని పక్కన పెట్టి ఆలోచించడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మనలో చాలామంది మొక్కలు చచ్చినా పరవాలేదు కానీ మాట నెగ్గాలనుకుంటాం. ఆవిడ మర్నాడు మళ్ళీ ఆ అమ్మాయి ముందు కూర్చుని, "వాటిలో దొంగలెవరో దొరలెవరో నాకు చూపించు" అని అడిగింది.

చూపించింది. వేళ్ళని పొడిచి తాగే నులిపురుగుకి నోట్లో సూది ఉంటుంది. బాక్టీరియాని తినేదానికి ఉండదు, గొట్టంలా తెరిచిన నోరు మాత్రమే ఉంటుంది. పెద్దమ్మ మైక్రోస్కోపుకి కన్ను ఆనించి ఎంతసేపు ఉందంటే, అక్కడివాళ్ళు భోజనాలకి వెళ్ళి తిరిగి వచ్చేశారు. పట్టకారు మొన వంగిందో లేదో చూసే కన్ను అది. సూది ఉన్న నోటిని పట్టడం నేర్చేసుకుంది.

దానిమ్మకి ఇది పని చేస్తుందని హామీ ఇవ్వలేనని మట్టి డాక్టరమ్మ ముందే చెప్పింది. అయితే ముందు వేరే మొక్కల మీద చూద్దాం అంది పెద్దమ్మ. నాన్నని గడువు అడిగింది. "మీ మొక్కలే వదినా, మీ ఇష్టం" అన్నాడాయన, నేలకేసి చూస్తూ. మీ మొక్కలు అనడం మర్యాదో నిష్ఠూరమో నాకు తెలియలేదు. పెద్దమ్మకి తెలిసినట్టుంది, మొహం చిన్నబోయింది.

టమాటా నారు తీసుకున్నారు. మళ్ళీ ఆవిరి, మళ్ళీ మూటలు. కొన్ని కుండీల్లో మేసే జీవాల్ని ఆపేసే సన్నటి వడపోత కాగితం గుండా దిగిన బాక్టీరియా నీళ్ళు మాత్రమే పోశారు. కొన్నిటిలో ఆ నీళ్ళతోపాటు మేసే జీవాల్ని వదిలారు. మట్టి డాక్టరమ్మ అక్కడితో సరే అనుకుంది. పెద్దమ్మ మూడో వరస కూడా పెట్టించింది. "ఏ మందుకైనా ఎక్కువ మోతాదు వేస్తే ఏమవుతుందో తెలియాలి కదా" అని, ఆ వరసలో తెల్ల పురుగుల్ని దోసిళ్ళతో వదిలింది. ఆ అమ్మాయి సరదాపడి, మూడు వరసలకీ తనే గుర్తులు రాసింది.

పెద్దమ్మ ఆ పురుగుల్ని పట్టే పద్ధతి చూసి తీరాలి. పందిరి వెనక ఆకులు మాగే గుట్టలోంచి గుప్పెడు తీసి బకెట్టు నీళ్ళలో వేస్తే తెల్ల పురుగులు మునగవు, తేలి నీటి మీద గంతులేస్తాయి. వాటిని కాగితం మడతతో ఎత్తి, శుభ్రమైన నీళ్ళలో వేసి, మళ్ళీ ఎత్తి, కడిగి, అప్పుడు వాడేది. అవును, పురుగుల్ని కడిగేది. నులిపురుగులకైతే గుట్టలోని మట్టిని పలచటి గుడ్డలో చుట్టి, నీళ్ళు నింపిన గాజు గరాటులో పెట్టేది. అవి ఈదుకుంటూ గరాటు కాడలోకి దిగేవి. దిగినవాటిలో సూదినోరు ఒక్కటి కనిపించినా ఆ నీళ్ళన్నీ పారబోసి, గరాటు ఉడకబెట్టి, మళ్ళీ మొదలు. అమ్మ చూసి చూసి, "అక్కా, వాటికి పౌడరు కూడా రాయి" అంది.

ఈలోపు దానిమ్మ మొక్కలు రోజురోజుకీ దిగజారుతున్నాయి. పెద్దమ్మ పొద్దున లేవగానే ఆ గదికి వెళ్ళి, రాలిన ఆకులు ఏరి కొంగులో వేసుకుని, నాన్న కంటపడకుండా బయటికి తెచ్చేది. ఇంకాస్త ఆగి టమాటాల సంగతి తేల్చుకోవాలా, ఇప్పుడే తెగించాలా అన్నది ఆవిడ గుండెల మీద కుంపటిలా ఉండేది. ఒకసారి నన్ను పట్టుకుని, "తొందరపడి చంపితే ఒక పాపం, ఆలస్యం చేసి చంపితే ఇంకో పాపం. ఏది మేలే?" అని అడిగింది.  ఆవిడ నన్ను సలహా అడగడం అదే మొదలు, అందుకే భయమేసింది.

చివరికి టమాటాలు జవాబు చెప్పాయి. బాక్టీరియా ఒక్కటే ఉన్న వరస పాలిపోయి, పొట్టిగా, దానిమ్మల్లాగే మొహం వేలేసి నిలబడింది. మేసేవాళ్ళు తగుమాత్రంగా ఉన్న వరస ముదురాకుపచ్చగా, ఎత్తుగా పెరిగింది. దోసిళ్ళతో వదిలిన వరస ఆ రెంటికీ మధ్యలో ఆగింది. ఎక్కువైతే అవి మేయాల్సిన బూజుని మేసి, వేళ్ళకి సాయపడే బూజుని కూడా నమిలేస్తాయట. పెద్దమ్మ ఆ ముదురాకుపచ్చ వరసలోంచి ఒక మొక్కని పీకి, వేళ్ళు కడిగి, తెల్లకాగితం మీద పరిచింది. వెంట్రుకల్లాంటి కొసవేళ్ళు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. 

"పదవే" అంది నాతో. "చేతికి తొడుగులొద్దు. అవి చాలా చిన్నవి, తొడుగుతో తెలియదు."

ఆవిడ దానిమ్మ కుండీల దగ్గరికి నడిచింది. ఒక్కో కుండీలో మట్టిని వేలితో కాస్త పక్కకి తీసి, నులిపురుగుల నీళ్ళు చెంచాతో పోసి, కాగితం మీది తెల్ల పురుగుల్ని మెల్లగా దులిపి, మట్టి కప్పింది. పైన మాగిన ఆకుపొడి చల్లింది, వాటికీ తిండి ఉండాలి కదా అని. ఏ ప్రాణిని తన గదిలోకి రానివ్వనని శపథం చేసిందో వాటికే ఆవిడ చేతులారా పక్క పరిచింది. నాన్న గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశాడు. లోపలికి రాలేదు.

ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు, తడి ఆరకుండా చూడటం తప్ప. కొన్ని మొక్కలు అప్పటికే చెయ్యిదాటిపోయాయి. అవి ఎండిపోయాయి. వాటిని పీకి పక్కన పెట్టేటప్పుడు పెద్దమ్మ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మిగిలినవి ఆకులు రాల్చడం మాత్రం ఆపాయి. అంతకు మించి ఏమీ కనిపించలేదు. ఆవిడ ఒక స్టూలు వేసుకుని ఆ గదిలోనే కూర్చోవడం మొదలుపెట్టింది. పనివాళ్ళు ఆవిడని చూసి నవ్వడం మానేసి, పక్కనుంచి చప్పుడు చేయకుండా నడిచేవాళ్ళు.

ఒక పొద్దున నేను నర్సరీ తలుపులు తీస్తుంటే లోపలినుంచి పిలిచింది. "ఇలా రావే, నాకు చూపు ఆనుతోందో లేదో చెప్పు."

కొమ్మ కొసన ఎర్రటి చిగురు. బియ్యపు గింజంత. దానిమ్మ చిగురు అలాగే వస్తుంది, ఎర్రగా, మెరుస్తూ. పక్క కుండీలో ఇంకోటి. వెనక వరసలో రెండాకులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. నేను వెళ్ళి నాన్నని లాక్కొచ్చాను. ఆయన వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి కుండీ దగ్గరా ఆగి ఆగి చూశాడు. సగానికి పైగా మొక్కలు చిగురేశాయి.

"మా నాన్న చెట్టే" అన్నాడు. 

జవాబు రాకపోయేసరికి ఇద్దరం వెనక్కి తిరిగాం. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని ఏడుస్తోంది. ఆవిడ ఏడవడం మేమెప్పుడూ చూడలేదు.

"చెట్టు పడిపోయిన రోజు నేనే ఏడవలేదు. ఇప్పుడు మీకేమైంది వదినా" అన్నాడు నాన్న.

పెద్దమ్మ మట్టి చేతులతోనే మొహం తుడుచుకుంది.

"అన్నేళ్ళు ఆ గదిలో పనిచేశాను కదా. నా పని సరిగ్గా చేస్తే పైన ఏమీ జరగదు మరిదిగారూ. గాయం మానుతుంది, మనిషి లేచి ఇంటికెళ్ళిపోతాడు. ఒక్కళ్ళ మొహం కూడా నేను చూళ్ళేదు. నావల్ల బతికి బాగున్నవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలీదు."

ఎర్ర చిగురు కింద వేలు పెట్టి, ముట్టుకోకుండా, కుండీని కాస్త వెలుతురుకేసి తిప్పి చూసింది.

"ఇలా ఉంటారన్నమాట" అంది.

నాన్న ఇంకో స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.